‘నూరు’ అనే క్రియ ఎక్కడి నుంచి వచ్చింది? అర్థాన్నీ పుట్టుకనూ వెతికే పద్ధతి

తెలుగు ఇంట్లో గింజనో వేరునో పొడి చేయడానికి ఒక్క క్రియ సరిపోదు. ధనియాలు దంచుతాం, మినప్పప్పు రుబ్బుతాం, జొన్నలు విసురుతాం, శొంఠికొమ్ము నూరుతాం. చిన్న నిఘంటువులు చాలావరకు వీటన్నిటికీ ‘చూర్ణము చేయు’ అనో ‘పిండి చేయు’ అనో ఒకే అర్థం రాసి ఊరుకుంటాయి. ఆ అర్థం తప్పు కాదు గాని, దానిని చదివినవారికి ఏ మాట ఎక్కడ వాడాలో తెలియదు, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో అసలే తెలియదు. ఒక క్రియ అర్థాన్ని నిర్ణయించి, దాని పుట్టుకను వెతకడానికి ఒక క్రమం ఉంది. ఆ క్రమాన్ని ‘నూరు’ అనే ఒక్క క్రియను పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చూపిస్తాను. భాషాశాస్త్రం చదవనివారు కూడా ఈ పని చేయవచ్చు. కావలసింది ఓపిక, నాలుగైదు మంచి నిఘంటువులు, అన్నిటికంటే ముందు వంటింట్లో పెద్దవాళ్ల మాట వినే అలవాటు.

ముందు రాయిని చూడండి, తర్వాత నిఘంటువును

క్రియ అంటే చేత. కాబట్టి చేతి కదలిక ఏమిటో, చేతిలో ఉన్న పనిముట్టు ఏమిటో మొదట రాసుకోవాలి. రోకలి పైకి లేచి రోట్లో పడుతుంది, అది దంచడం. పొత్రం రుబ్బురోట్లో గుండ్రంగా తిరుగుతూ నానిన పప్పును మెదుపుతుంది, అది రుబ్బడం. తిరగలిలో కింది రాయి కదలదు, పిడి పట్టుకుని పై రాయిని తిప్పుతారు, అది విసరడం. తెలంగాణలో దానినే ఇసురుడు అంటారు, ఆ రాయి ఇసుర్రాయి. గాలికి విసనకర్రను విసరడంలోనూ, రాయి విసరడంలోనూ చేయి ఊగినట్టే తిరగలి దగ్గర కూడా చేయి ఊగుతుంది. ఇక సన్నికల్లు మీద పసుపుకొమ్మునో మిరియాలనో పెట్టి, చేతిరాయితో ముందుకూ వెనక్కూ ఒత్తుతూ రాస్తే అది నూరడం. వైద్యులు కల్వంలో మందు నూరేటప్పుడు కదలిక గుండ్రంగా ఉండవచ్చు గాని, అక్కడ కూడా దెబ్బ ఉండదు, ఒత్తిడీ రాపిడీ ఉంటాయి.

మా అమ్మమ్మ దగ్గర ఈ తేడా నాకు మొదటిసారి తెలిసింది. టీలోకి అల్లం కావాలంటే నేను సన్నికల్లు మీద పెట్టి ముద్ద చేసి తీసుకువెళ్లాను. ‘దంచమన్నాను గాని నూరమన్నానా?’ అని ఆమె అడిగింది. టీలోకి అల్లం చితికితే చాలు, నారగా మిగలాలి. కూరలోకి అయితే మెత్తగా నూరాలి. ఆ ఒక్క ప్రశ్నలో ఉన్న వివేకం ఏ నిఘంటువులోనూ ఆ రూపంలో కనిపించదు. దంచడం దెబ్బతో చితకగొట్టడం, నూరడం రాపిడితో మెత్తన చేయడం. ఈ వాక్యాన్ని మీ నోటుపుస్తకంలో మొదటి అర్థంగా రాసుకోండి.

యంత్రాలు వచ్చాక ఈ గీతలు కొంత చెరిగాయి. మిక్సీలో వేసి ‘మిక్సీ పట్టాం’ అంటాం, మరకు పంపి కారం ‘పట్టించాం’ అంటాం. మిక్సీలో రుబ్బడం అన్న మాట వినపడుతుంది గాని మిక్సీలో దంచడం అన్న మాట వినపడదు. కొత్త పనిముట్టుతో ఏ పాత క్రియ కలిసి వచ్చింది, ఏది రాలేదు అన్నది ఆ క్రియల లోపలి అర్థానికి మంచి పరీక్ష. రోకలి దెబ్బ లేనిచోట దంచు నిలవలేదు.

పదబంధాలను పోగుచేయడం

రెండో మెట్టు, ఆ క్రియ వేటితో కలిసి వస్తుందో చూడడం. నూరు విషయంలో కనీసం నాలుగు రకాలు దొరుకుతాయి. పచ్చడి నూరు, మందు నూరు, పసుపు నూరు అన్నవి ఒక రకం. కత్తి నూరు, కొడవలి నూరు అన్నవి రెండో రకం, ఇక్కడ అర్థం పదును పెట్టడం. పళ్లు నూరు అన్నది మూడోది. కారాలు మిరియాలు నూరు అన్నది నాలుగోది, ఒకరి మీద కోపంతో రగిలిపోతున్న మనిషిని గురించి చెప్పే మాట.

పైపైన చూస్తే పచ్చడి నూరడానికీ కత్తి నూరడానికీ పొంతన లేదు. మొదటిదానిలో వస్తువు నలిగి పోతుంది, రెండోదానిలో వస్తువు నిలిచి ఉండి దాని అంచు మాత్రం పదునెక్కుతుంది. అందుకే కొందరు ఇవి రెండు వేరు క్రియలనుకుంటారు. కాని మనం మొదటి మెట్టులో రాసుకున్న అర్థాన్ని ఒకసారి చూడండి. రాయి మీద ఒత్తి రాయడం అన్నది రెండింటిలోనూ ఉంది. ఒకచోట రాయికీ రాయికీ మధ్య మిరియం అరుగుతుంది, ఇంకొకచోట రాయి మీద ఇనుము అరుగుతుంది. పళ్లు నూరడంలో రాయి కూడా లేదు, గట్టివి రెండు ఒకదానితో ఒకటి ఒరుసుకోవడం మాత్రమే ఉంది. నాలుగో రకం మొదటి రకం నుంచే పుట్టిన జాతీయం. ఇలా అన్ని వాడుకలకూ ఆధారమైన కదలికను పట్టుకోగలిగితే అర్థాల వరుస తానే కుదురుతుంది. పట్టుకోలేకపోతే రెండు వేరు మాటలేమో అని అనుమానించాలి.

దంచుకు కూడా ఇలాగే చేసి చూడండి. దంపుడు బియ్యం, ఊకదంపుడు ఉపన్యాసం అన్నవి వెంటనే తడతాయి. ఊకను ఎంత దంచినా బియ్యం రావు కనుక సారం లేని మాటలకు ఆ పేరు వచ్చింది. ఇక్కడ ఒక వ్యాకరణ విషయం గమనించదగింది. దంచు, దంపు, తెంచు, తెంపు, దించు, దింపు, పెంచు, పెంపు. ‘ంచు’తో ముగిసే క్రియలకు ‘ంపు’తో జంట ఉండడం తెలుగులో చాలాచోట్ల కనిపిస్తుంది. కాబట్టి దంచు కోసం వెతికేవారు దంపు కింద కూడా తప్పక చూడాలి, లేకపోతే సగం సమాచారం జారిపోతుంది.

పాత రాతను కనుక్కోవడం

చాలామంది వెతుకులాట ఈ మూడో మెట్టు దగ్గరే తప్పుదారి పడుతుంది. నేడు మనం ‘నూరు’ అని మామూలు రకారంతో రాస్తున్నాం. పాత తెలుగులో ఇది ‘నూఱు’. ఱ అనే బండి రకారం ఉచ్చారణలో రకారంతో కలిసిపోయి, కాలక్రమంలో రాతలో కూడా వదిలిపోయింది. కాని పుట్టుక వెతికేవారికి ఆ అక్షరం ఇంటి చిరునామా వంటిది.

ఎందుకో చెప్పడానికి ఒక జంట చాలు. తాగే నీరు మామూలు రకారంతో ఉంటుంది, తమిళంలో అది ‘నీర్’. బూడిద అనే అర్థంలో ఉన్న నీఱు బండి రకారంతో ఉంటుంది, తమిళంలో అది ‘నీఱు’, విభూతిని వారు తిరునీఱు అనడం ఆ మాటతోనే. నేటి రాతలో రెండూ ‘నీరు’ అయి కూర్చున్నాయి. నీరుగప్పిన నిప్పు అన్న మాటను చదివి, నీళ్లు కప్పితే నిప్పు ఎలా ఉంటుందని అడిగే పిల్లలకు జవాబు ఆ పోయిన అక్షరంలో ఉంది. నిప్పును కప్పినది నీళ్లు కాదు, బూడిద.

కాబట్టి ర ఉన్న ఏ మాటనైనా వెతికేటప్పుడు రెండు రూపాలనూ వెతకండి. పాత నిఘంటువులో ‘నూరు’ దగ్గర ఏమీ దొరకలేదని ఆగిపోవద్దు, ‘నూఱు’ దగ్గర చూడండి. అరసున్నకు కూడా ఇదే నియమం. నేటి రాతలో అది లేకపోయినా పాత నిఘంటువులో ఉండవచ్చు.

ఏ నిఘంటువు దేనికి

నిఘంటువులన్నీ ఒకే పని చేయవు. బహుజనపల్లి సీతారామాచార్యులు కూర్చిన శబ్దరత్నాకరం 1885లో వచ్చింది. మాట తత్సమమా (సంస్కృత ప్రాకృతాల నుంచి వచ్చినదా), దేశ్యమా (మన సొంత మాటా) అన్నది, బండి రకారం ఉందా లేదా అన్నది తేల్చుకోవడానికి నేను మొదట దానినే తెరుస్తాను. కావ్యప్రయోగాలు విస్తారంగా కావాలంటే సూర్యరాయాంధ్ర నిఘంటువు ఉంది, పిఠాపురం సంస్థానం పోషణలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు చేపట్టిన పెద్ద పని అది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది, 1903లో సవరించిన ముద్రణ వచ్చింది. పండితులు పక్కనపెట్టిన వాడుక మాటలు, జాతీయాలు బ్రౌన్ దగ్గర ఎక్కువ దొరుకుతాయి. పొలం పనుల మాటలకు భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ మాండలిక పదకోశం చూడాలి. ఒకే పనికి ఏ జిల్లాలో ఏ మాట వాడతారో అందులో తెలుస్తుంది.

పుట్టుకకు మాత్రం ఇవి చాలవు. దానికి థామస్ బరో, ముర్రే ఎమెనో కలిసి కూర్చిన ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు కావాలి. దాని తొలి కూర్పు 1961లో, రెండో కూర్పు 1984లో వచ్చాయి. ఒక్కొక్క అంశం కింద తమిళం మొదలుకొని ఉత్తరాది అడవుల్లోని చిన్న ద్రావిడ భాషల దాకా, ఒకే ధాతువు నుంచి వచ్చినట్టు భావించిన మాటలను వరుసగా పెట్టారు. ఇది కొని ఇంట్లో పెట్టుకోనక్కరలేదు. షికాగో విశ్వవిద్యాలయం దక్షిణాసియా నిఘంటువుల జాలస్థలంలో ఇది ఉంది, బ్రౌన్ నిఘంటువు కూడా అక్కడ ఉంది. తెలుగు నిఘంటువులు అనేకం ఆంధ్రభారతి జాలస్థలంలో ఒకేచోట వెతకవచ్చు. వెతికే ముందు ఆ వ్యుత్పత్తి నిఘంటువు రోమన్ లిపిలో ఱకారాన్ని ఆర్ కింద గీతతో రాస్తుందని గుర్తుంచుకోండి.

సోదర భాషల సాక్ష్యం

ఇప్పుడు అసలు భాగానికి వచ్చాం. పాత తమిళంలో ‘నూఱు’ అనే క్రియకు చూర్ణం చేయడం, నాశనం చేయడం అని అర్థాలున్నాయి. అదే రూపం నామవాచకంగా పొడి, పిండి, సున్నం అనే అర్థాలలో ఉంది. నేటి తమిళంలో నలిగిపోవడానికి ‘నొఱుంగు’, నలగగొట్టడానికి ‘నొఱుక్కు’ అనే క్రియల జంట నిత్యం వాడుకలో ఉంది. మలయాళంలో ‘నూఱు’ అంటే తాంబూలంలోకి రాసుకునే సున్నం. కేరళ సర్పక్కావులలో, అంటే పాములను కొలిచే తోపులలో, నాగదేవతలకు ‘నూఱుం పాలుం’ సమర్పిస్తారు. ఆ పేరులోని నూఱు అంకె కాదు, పాలతో పాటు పెట్టే పిండి, పసుపు పొడి. కన్నడంలో ‘నురి’ అంటే నలిగి పొడి కావడం. అదే క్రియకు ఆరితేరడం అనే అర్థం కూడా వచ్చింది, అందుకే నేటి కన్నడంలో ‘నురిత’ అంటే చేయి తిరిగిన, అనుభవం గల అని. మనం బాగా నలిగిన దారి, బాగా నలిగిన మాట అంటున్నట్టే కన్నడిగులు బాగా నలిగిన మనిషిని మెచ్చుకుంటున్నారు.

ఈ సాక్ష్యాలను నమ్మడానికి ధ్వనులు క్రమంగా కలవాలి, పోలిక ఒక్కటే చాలదు. తెలుగులో ఱ ఉన్నచోట తమిళంలో కూడా ఱ ఉందా? ఆఱు, మాఱు, చాఱు అన్న మాటలు తమిళంలోనూ ఱకారంతోనే ఉన్నాయి. మనం అన్నంలో పోసుకునే చారు, తమిళులు రసం అనే అర్థంలో వాడే ‘చాఱు’ ఒక్కటే. నూఱు కూడా ఆ వరుసలో కూర్చుంటుంది. మరి తమిళ నొఱుక్కులో, కన్నడ నురిలో అచ్చు హ్రస్వంగా ఎందుకు ఉంది? ఇది కూడా ద్రావిడ భాషలలో కనిపించే క్రమమే. ధాతువులోని దీర్ఘం, దాని తర్వాత అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం చేరినప్పుడు హ్రస్వం కావడం ఉంది. తెలుగులోనే పాఱు, పఱుగు అన్న జంటను చూడండి. అలాగే నూఱు పక్కన మనకు ‘నుఱుము’ ఉంది. పొడి చేయడం, చంపడం అని దాని అర్థాలు. కావ్యాలలో శత్రువులను ‘నుఱుమాడాడు’ అంటే రూపుమాపాడని. తమిళ నూఱులో ఉన్న నాశనార్థం తెలుగులో ఈ హ్రస్వరూపంలో నిలిచింది, నూఱులో మాత్రం వంటిల్లు, వైద్యం, కత్తి మిగిలాయి.

ఇలా రెండు మూడు భాషలలో ధ్వని క్రమంగా కలిసి, అర్థం కూడా దగ్గరగా ఉంటే, ఆ మాట సంస్కృతం నుంచో ప్రాకృతం నుంచో వచ్చినది కాదనీ, ఈ భాషలు విడిపోక ముందు నుంచి ఉన్న సొంత ఆస్తి అనీ చెప్పవచ్చు. నూరు అటువంటి మాట.

వంద ముక్కలు అనే వల

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. తెలుగులో వందకు కూడా నూరే పేరు, అది కూడా పాత రాతలో నూఱే. నూరు ముక్కలయ్యేదాకా నలపడం కనుక నూరడం అన్నారని చెప్పాలన్న కోరిక ఎవరికైనా కలుగుతుంది. వినడానికి ఎంతో అందంగా ఉంటుంది. కాని అందం సాక్ష్యం కాదు. వందకూ పొడి చేయడానికీ తమిళ మలయాళాలలో కూడా రూపం ఒకటే కాబట్టి ధ్వనిని బట్టి కలపనూ లేం, విడదీయనూ లేం. అప్పుడు అర్థాల మధ్య వంతెన ఉందా అని అడగాలి. నూరడంలో లెక్క ఉన్న ప్రయోగం ఏదైనా దొరికిందా? పచ్చడి, కత్తి, పళ్లు, సున్నం, వీటిలో ఎక్కడా వంద లేదు. పైగా క్రియకు నుఱుము, నొఱుక్కు వంటి హ్రస్వరూపాల కుటుంబం ఉంది, వాటిలోనూ అంకె జాడ లేదు. వ్యుత్పత్తి నిఘంటువు కూడా వీటిని రెండు వేర్వేరు అంశాలుగానే పెట్టింది. అక్కడితో ఆగాలి.

సరిగ్గా ఇటువంటి వలే సున్న దగ్గర కూడా ఉంది. అంకెలలో సున్న సంస్కృత ‘శూన్య’ నుంచి వచ్చింది. గోడకు వేసే సున్నం ‘చూర్ణ’ నుంచి, ప్రాకృత ‘చుణ్ణ’ మీదుగా వచ్చింది, హిందీలో చూనా కూడా అదే. రెండూ పక్కపక్కనే వినిపిస్తాయి, ఊళ్లు మాత్రం వేరు. నాకు ఈ సున్నం కథ ఎంతో ఇష్టం, ఎందుకంటే అది నూరు కథకు అద్దంలా నిలుస్తుంది. సంస్కృతంలో పొడి అనే మాట మన దగ్గరికి వచ్చి సున్నం అయింది. ద్రావిడంలో పొడి అనే మాట తమిళ మలయాళాలలో సున్నం అయింది. రెండు వేర్వేరు భాషాకుటుంబాలు ఒకే మలుపు తిరిగాయంటే కారణం వస్తువులోనే ఉంది. కాల్చిన సున్నపురాయి మీదా గుల్లల మీదా నీళ్లు చల్లితే అవి ఏ రోకలీ తగలకుండానే విరిసి మెత్తని పొడి అవుతాయి. పొడి అంటే ముందుగా గుర్తుకొచ్చేంత పొడి అది.

సంస్కృతం వైపు నుంచి ఇంకొక్క మాట చెప్పి ముందుకు వెళతాను. అక్కడ పొడి చేయడానికి ‘పిష్’ అనే ధాతువు ఉంది. పిష్టం, పిండినే మళ్లీ పిండి చేయడమనే పిష్టపేషణం, హిందీ పీస్‌నా దాని సంతతి. లాటిన్‌లో దంచడమనే అర్థంలో ఉన్న ‘పిన్సెరె’ దానికి దూరపు చుట్టం, ఇంగ్లీషువారి రోకలిబండ పేరు ‘పెసల్’ ఆ లాటిన్ మాట నుంచే వచ్చింది. నూరుకు ఈ ఇంటితో చుట్టరికం లేదు. ఏ మాటకైనా సంస్కృత ధాతువును వెతికి అతికించే అలవాటు ఉన్నవారు ఈ రెండు ఇళ్లను విడివిడిగా చూడడం నేర్చుకోవాలి.

దొరికినదాన్ని రాసిపెట్టడం

చివరి పని ఒక చిన్న పద్దు రాయడం. నా పద్దు ఇలా ఉంటుంది: ‘నూరు, పాత రాత నూఱు, దేశ్య క్రియ. 1. రాయి మీద ఒత్తి రాస్తూ మెత్తన చేయు, పొడి చేయు: మందు నూరు, పచ్చడి నూరు. 2. రాయి మీద రాసి పదును పెట్టు: కత్తి నూరు. 3. ఒకదానితో ఒకటి ఒరుసుకొనేట్లు చేయు: పళ్లు నూరు. జాతీయం: కారాలు మిరియాలు నూరు. పోల్చదగినవి: తెలుగు నుఱుము, తమిళం నూఱు, నొఱుక్కు, మలయాళం నూఱు (అర్థం సున్నం), కన్నడం నురి. వందను తెలిపే నూఱు వేరు.’

దీని కింద మీ ఇంట్లో, మీ ఊళ్లో విన్న ప్రయోగాలను, విన్న ఊరి పేరును, ఏ పనిముట్టు దగ్గర విన్నారో ఆ వివరాన్ని చేర్చండి. తెలంగాణలో రోట్లో తొక్కు నూరారని ఒకరు, కోస్తాలో అదే రోట్లో పచ్చడి రుబ్బారని ఇంకొకరు చెబితే రెండూ రాయండి, ఒకదాన్ని తప్పని కొట్టివేయవద్దు. పెళ్లిలో సన్నికల్లు తొక్కించేటప్పుడు తప్ప ఆ రాయిని చూడని ఇళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. రోజూ దాని మీద నూరినవారు ఇంట్లో ఉంటే, వారిని కూర్చోబెట్టి, చేత్తో చేసి చూపించమని అడిగి, వారు ఏ దశలో ఏ క్రియ పలికారో వరుసగా రాసుకోండి. మొదట చితకగొట్టడం, తర్వాత నలపడం, ఆ తర్వాత నూరడం, చివరికి మెదపడం అని వారు ఒకే పసుపుకొమ్ము మీద నాలుగు క్రియలు చెప్పవచ్చు. ఆ నాలుగింటికీ ఇదే పద్ధతిలో నాలుగు పద్దులు తెరవండి.